ఎర్రగుట్ట షీటు

ఎడ్వర్డ్ సారు పోయిన నలభై రోజులకు వాళ్లమ్మాయి షైని ఫోన్ చేసింది. "అంకుల్, డాడీ మీకోసమని ఒకటి తీసిపెట్టిండు. వీలు జూస్కొని మేడ్చల్ రండ్రి" అంది. వీలు చూసుకోవడమేమిటి, ఆ మాట కోసమే నలభై రోజులుగా కాచుకొని కూర్చున్నాను. వెంటనే మా సూరారంలో ఆటో మాట్లాడుకున్నాను. మామూలుగా అయితే గండిమైసమ్మ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకొకటి ఎక్కి పోయేవాణ్ణి. కానీ తిరిగొచ్చేటప్పుడు నా చేతిలో నాలుగడుగుల రేకు గొట్టం ఉంటుంది కదా, బస్సులో ఎవరో ఒకరు దానికి ఆనుకుంటారు. "వచ్చేటప్పుడు పొడుగు సామాను ఉంటది, జర పైలం" అని ఆటో అతనికి ముందే చెప్పి పెట్టాను.

ఆ గొట్టంలో ఏముందో చెప్పాలి. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య గుట్టల మీది భూమినంతా నిజాం కాలంలో గొలుసులు లాగి కొలిచి, చేత్తో గీసిన పదకొండు పటాలు. మైలుకు ఒక అంగుళం. మహసూరా, అంటే సర్కారు కాపు పెట్టిన అడవి, ఆకుపచ్చ పూత. బంచరాయి, అంటే ఊరి జీవాలు మేసే భూమి, లేత పసుపు పూత. గుట్టల ఎత్తులు గోధుమరంగు గీతలు, వాగులు నీలం. మందలు నడిచే బాటలు కూడా చుక్కలు చుక్కలుగా వేసి ఉంటాయి. ఇప్పుడు అక్కడ సగం విల్లాలు, సగం గోదాములు. ఆ పటాలు విప్పితే మాత్రం నూరేళ్ల కిందటి గడ్డి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించవచ్చు.

నేను పటాల ఆఫీసులో ట్రేసర్‌గా ముప్పై మూడేళ్లు పనిచేశాను. పాత పటం మీద పల్చని కాగితం పరిచి, కింద ఉన్న గీతను ఉన్నదున్నట్టు పైకి దించడం మా పని. నేను దించితే ఎడ్వర్డ్ సారు సరిచూసేవారు. ఆ పదకొండింటికీ నకళ్లు దించింది నేనే. నకళ్లు తయారయ్యాక, చెదలు పట్టాయని అసలు పటాలను పారేస్తుంటే సారు రాతపూర్వకంగా అడిగి ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన తర్వాత అవి ఎవరికి రావాలి? నన్నడిగితే ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

షైని చాయ్ ఇచ్చింది. తర్వాత లోపలికి వెళ్లి, చేతిరుమాలులో చుట్టిన జానెడు వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే ఎముకతో చేసిన చదునైన పుల్ల. అంటుకుపోయిన కాగితాలు విడదీయడానికి సారు వాడేది. కొస అరిగి, పాతబడి పసుపుపచ్చగా తిరిగింది.

"గొట్టమేది బిడ్డా?" అన్నాను.

"అది భవితకియ్యమన్నడు అంకుల్. పోయిన ఐతారమే తీస్కపోయింది."

తిరుగు ప్రయాణంలో ఆటో అతను వెనక్కి చూసి, "పొడుగు సామానంటివి గద సార్, ఏది?" అని అడిగాడు. అతన్ని కొట్టబుద్ధయింది.

నేను అబద్ధం చెప్పను. నాకు కుళ్లు. ఇవాళ పుట్టింది కాదు. ఆఫీసులో జోగారావు అనే ఇంకో ట్రేసర్ ఉండేవాడు. అతను వారంలో నాలుగు షీట్లు దించితే, నేను ఐదు దించేదాకా నాకు అన్నం సహించేది కాదు. నా చెయ్యి అంతగా తిరిగింది ఆ కుళ్లు వల్లనే అని నా నమ్మకం. జోగారావు మీది కుళ్లు సాయంత్రానికి తగ్గేది. భవిత మీద పుట్టింది మాత్రం రెండేళ్లయినా తగ్గలేదు.

భవిత లాల్‌గడి మలక్‌పేట్ పిల్ల. ఇరవై నాలుగేళ్లు. వాళ్లది మేకలు, గొర్రెలు కాసే ఇల్లు. డిగ్రీలో భూగోళశాస్త్రం చదివి, వాళ్ల ఊరి గుట్ట పాత పటం కోసం తిరిగి తిరిగి సారు ఇల్లు పట్టుకుంది. నేను రిటైరైన మొదటి వారం, ఇక రోజూ సారు పక్కన కూర్చుని ఆ పటాలు చూసుకోవచ్చని సంబరపడుతూ వెళ్లాను. సారు బల్ల దగ్గర నా స్టూలు మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. నేను వాడే భూతద్దం ఆమె చేతిలో ఉంది. "గీతలు దగ్గర దగ్గర ఉంటే ఎక్కుడు కష్టం. దూరం దూరం ఉన్నకాడ జీవాలు మేస్తయ్" అని సారు చెబుతున్నారు. నేను ఉద్యోగంలో చేరిన రోజున నాకూ సరిగ్గా ఇవే మాటలు చెప్పారు. ఇన్నేళ్లూ అవి నాకు మాత్రమే చెప్పిన మాటలనుకున్నాను.

నిలబడే చాయ్ తాగి వచ్చేశాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు. సారు నాలుగైదు సార్లు ఫోన్ చేశారు. "దానియేలూ, ఒక్కసారి రావయ్యా. ఎర్రగుట్ట షీట్ల ఒక ముచ్చట ఉంది, నువ్వే చూడాలె" అనేవారు. "మోకాళ్ల నొప్పులు సార్" అనేవాణ్ణి. చూడటానికి ఆ పిల్ల ఉందిగా అని లోపల. చివరిసారి చేసినప్పుడు ఆయన గొంతు బాగా పల్చబడింది. అయినా వెళ్లలేదు. సమాధుల తోటకే వెళ్లాను. అక్కడ భవిత కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే, ఈమెకేం హక్కుందని ఏడుస్తోంది అనుకున్నాను. అంత కుళ్లు.

ఎముక పుల్లను ఇంట్లో బల్ల మీద పడేశాను. మా ఇంటామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గాలికి కొట్టుకునే వంటింటి కిటికీ రెక్క సందులో దోపింది. సరిగ్గా సరిపోయింది. "ఇన్నేండ్ల సర్వీసుకు మీ సారు మంచిదే ఇచ్చిండు" అంది. నాకు నవ్వు రాలేదు.

రెండు వారాలకు భవిత మా ఇంటికి వచ్చింది. భుజాన రేకు గొట్టం. కూర్చోమని మా ఇంటామె అంది. నేను అనలేదు.

"సార్, మా ఎర్రగుట్ట మీంచి రెండు వాగులు దిగుతయ్" అంది భవిత, గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని. "బంచరాయి దిగువ వాగు దాకా అని మా అవ్వోళ్లు ఎప్పటి సంది అంటున్నరు. ఆఫీసు నకల్ల ఒక్కటే వాగుంది. గందుకని ఎగువ వాగు కాడికే హద్దని జనార్ధన్ పటేల్ రాతి కడీలు పాతిండు. నడిమిట్ల తొంభై ఎకరాలు లేఅవుట్ జేస్తడట. గది పోతే మా జీవాలకు ఇగ మేత లేదు. మంగళారం ఆర్డీవో మేడం గుట్ట మీదికే విచారణకు వస్తాంది. మీరు ఒక్కసారి అసలు షీటు చూస్తే..."

మూత తీయబోయింది.

"అక్కర్లేదు" అన్నాను. "మీ సారు నీకిచ్చిండు, నువ్వే సదువుకో. అండ్ల నాకేం సంబంధం?"

"మీకే సంబంధం సార్" అంది మెల్లగా. ఇంకేదో అనబోయి ఆగింది. "సారు మిమ్మల్ని మస్తు యాది జేసెటోళ్లు."

నా సారు నన్ను తలుచుకున్నారని ఈమె వచ్చి నాకు చెప్పడం! ఒళ్లు మండిపోయింది. "ఎండ ముదురుతాంది, బయలెల్లు" అన్నాను. గొట్టం మూత బిగించుకుని వెళ్లిపోయింది. ఆడపిల్లను అట్లా పంపుతారా అని మా ఇంటామె ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

మూడో రోజు జనార్ధన్ వచ్చాడు. లాల్‌గడి మలక్‌పేట్‌లో తాతల నాటి భూములున్న ఇల్లు ఆయనది. ఇప్పుడు లేఅవుట్లు వేస్తాడు, రాజకీయాల్లోనూ తిరుగుతాడు. మా గుమ్మం ముందు చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి లోపలికి వచ్చాడు. "దానియేలు సాబ్, పాత నక్షల ముచ్చట్ల మీ అంత పెద్దమనిషి ఈ దిక్కు లేడంటున్నరు. గా పొల్ల ఏదో మాసిన కాయితం పట్టుకొని అందర్ని పరేషాన్ జేస్తాంది. మీరొచ్చి ఆఫీసు నకలే కరెక్టని నాలుగు మాటలు చెప్పుండ్రి, చాలు" అన్నాడు.

ఫోన్‌లో నకలు ఫోటో చూపించాడు. చూడగానే గుర్తుపట్టాను. 1997 డిసెంబర్. మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఎన్.డి. అని ఉంది. ఎన్. దానియేలు. ఆ సంగతి జనార్ధన్‌కు తెలియదు. నేనూ చెప్పలేదు. గుట్ట మీద అందరి ముందు, అంతా అయ్యాక, ఆ చెయ్యి నాదేనని చెబితే ఎట్లా ఉంటుందో ఊహించుకుని, "వస్త" అన్నాను. జనార్ధన్ గెలవాలని నాకేమీ లేదు. తొంభై ఎకరాలు ఎవరివైనా నాకొకటే. ఆ పిల్ల ఓడిపోవాలి. ఆ గొట్టం ఎవరికి రావలసిందో పదిమందికీ తెలియాలి.

మంగళవారం తొమ్మిది గంటలకే గుట్ట మీద ఎండ చురుక్కుమంటోంది. విచారణకు వచ్చిన మేడం, ఆమె వెంట సర్వేయర్ కుమార్, జనార్ధన్ మనుషులు ఓ పదిమంది ఒకవైపు. ఇంకోవైపు మేకల మందతో ఊరివాళ్లు. వాళ్లకు ముందు భవిత వాళ్ల అవ్వ పెంటమ్మ, చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడింది. కింద ఎగువ వాగు వెంబడి కొత్త తెల్ల కడీలు వరుసగా ఉన్నాయి. మేడం తర్వాత కుర్చీ వేసింది నాకొక్కడికే.

కుమార్ జీపు బానెట్ మీద నకలు పరిచాడు. మేడం నన్ను చెప్పమంది. ఇన్నాళ్లకు దొరికిన సందు, నేను వదల్లేదు.

"మేడం, గీ నకలు దించిన మనిషి గీత వెంట్రుకవాసి పక్కకు పోదు. గది నేను గ్యారంటీ ఇస్త. పటంల లేని వాగు నేల మీద ఉందంటే, వానలకు కొత్తగ పడ్డట్టు. ఇగ గా పొల్ల షీట్ల రెండో వాగు కనబడుతుందంటే, గది మడత. నూరేండ్ల కాయితానికి మడతలు పడ్తయ్, మడతల సిరా దిగుతది. పటం సదవడం రెండేండ్లల్ల వచ్చే పని గాదు. గీతకు మడతకు తేడా తెల్వనోళ్ల చేతికి గసొంటి పటాలియ్యడమే తప్పు."

ఆఖరి మాట సారునే అన్నాను. అన్నాక నాలుక చేదయింది. జనార్ధన్ మనుషులు మాత్రం తలలూపారు.

భవిత గొట్టం మూత తీసి, షీటును నకలు పక్కన పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టింది. మేడం వంగి చూసింది, కుమార్ చూశాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. "మీరూ చూడండి" అంది మేడం. కళ్లజోడు పెట్టుకుని వెళ్లాను.

ఇరవై ఎనిమిదేళ్ల కింద ఆ షీటు మీద ఒక రోజంతా వంగి కూర్చున్నాను. అందులో నేను ఎన్నడూ చూడని చోటు ఒకటి ఉంది. ఎర్రగుట్ట కింద, బియ్యపుగింజ పొడవంత వెడల్పున ఒక పట్టీ. అక్కడ పసుపు పూత మిగతా షీటంతటి కన్నా తాజాగా ఉంది, ఎన్నో ఏళ్లుగా వెలుతురు తగలనట్టు. రెండు అంచుల్లోనూ నొక్కుకుపోయిన మడత గుర్తులు. వాటి మధ్య దిగువ వాగు నీలంగా ఉంది. దాని పక్కన చుక్కలు చుక్కలుగా మంద బాట, బాట చివర చిన్న సున్నా. బావి.

ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. గుడ్డ మీద అంటించిన పాత పటాలకు తేమ తగిలితే కాగితం ముడుచుకుని తనకు తానే అంటుకుపోతుంది. నకలు దించే ముందు ప్రతి మడతనూ వేలితో తడిమి, ఎముక పుల్లతో విప్పాలి. మొదటి రోజే సారు నేర్పిన పని అది. ఆ డిసెంబర్‌లో, ఆ వారం, జోగారావు నాలుగు షీట్లు దించాడు. శనివారం సాయంత్రానికి నాకు ఐదోది కావాలి. మడత మీదనే కాగితం పరిచి గీసుకుంటూ పోయాను. రెండు వాగులు ఒకటైపోయాయి.

మేడం షీటు మూల ఎత్తి వెనక్కి తిప్పింది. వెనక పెన్సిల్‌తో సారు రాత. మేడమే పైకి చదివింది. "మడత విప్పాను. నకలులో దిగువ వాగు, మంద బాట, బావి రాలేదు. సరిచూసిన నేను పట్టుకోలేదు. తప్పు నాది. ఎడ్వర్డ్." కింద తేదీ ఉంది. నా స్టూలు మీద భవితను చూసి నేను అలిగి వచ్చిన వారమే. సారు ఫోన్ మీద ఫోన్ ఎందుకు చేశారో అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు.

"ఇది ఒకరి ఇంట్లో ఉన్న కాగితం" అంది మేడం. "దీని మీద ఎవరైనా ఏమైనా చేసి ఉండొచ్చు. నకలు మీద ఆఫీసు ముద్ర ఉంది. సరిచూసినాయన ఇప్పుడు లేరు. నకలు దించిన మనిషి వచ్చి చెబితే వేరే సంగతి. ఎవరీ ఎన్.డి.?"

కుమార్ తల గోక్కున్నాడు. "పాత మనుషులు మేడం. ఉన్నరో పోయిన్రో తెల్వదు."

"ఇగ అయిపాయె గద మేడం" అన్నాడు జనార్ధన్.

భవిత నా వైపు చూసింది. ఒక్కసారే. తర్వాత తల వంచుకుని షీటు అంచు సరిచేస్తూ ఉండిపోయింది. ఆమెకు మొదటి నుంచీ తెలుసు. సూరారం వచ్చింది నా తప్పు నేనే దిద్దుకుంటానేమోనని. ఇప్పుడు నోరు విప్పి నన్ను చూపిస్తే చాలు, ఆమె ఊరి భూమి ఆమె ఊరికి ఉంటుంది. విప్పలేదు. సారు పెన్సిల్‌తో నా పేరు రాయలేదు, ఈమె నోటితో నా పేరు అనలేదు.

నాలో మంచితనం పొంగుకొచ్చిందని ఎవరూ అనుకోవద్దు. నాకు అప్పుడు పుట్టింది కూడా కుళ్లే. పటాలు ఆమెకు పోయాయి. స్టూలు పోయింది. సారు చివరి రెండేళ్ల ముచ్చట్లన్నీ ఆమెకే పోయాయి. ఇప్పుడు సారు పెద్దమనసు కూడా ఈ పిల్లకేనా? నా తప్పును కడుపులో పెట్టుకుని నన్ను కాపాడే పెద్దరికం, ఇరవై నాలుగేళ్ల మనిషికా? అది మాత్రం ఓర్వలేకపోయాను.

"నేనే" అన్నాను. "ఎన్.డి. అంటే ఎన్. దానియేలు. గా దస్కత్ నాది. మడత ఇప్పకుంట గీసిన. ఎడ్వర్డ్ సారుది తప్పేం లేదు, తప్పంత నాదే. రాస్కోండ్రి."

"సాబ్, ఏం మాట్లాడుతున్నవో సోయి ఉందా?" అని జనార్ధన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. మేడం రెండుసార్లు అడిగి, నేను చెప్పింది రాసుకుని, కింద సంతకం పెట్టించుకుంది. తర్వాత అసలు షీటు పట్టుకుని కుమార్ దిగువ వాగు వైపు దిగాడు. పెంటమ్మ కర్ర ఊపుకుంటూ అతని కన్నా ముందే నడిచింది. సర్కారు తుమ్మల గుబురులో, పటంలో సున్నా ఉన్నచోటనే, అంచులు కూలిన రాతి బావి ఉంది. మళ్లీ కొలిచేదాకా లేఅవుట్ పని ఆపాలని మేడం అక్కడే చెప్పింది.

పెంటమ్మ బావి గట్టు మీద కూర్చుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఇరువై ఎనిమిదేండ్లు మా బాయిని కాయితం మడతల పెట్టుకొని కూసున్నవా కొడుకా" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

గుట్ట దిగుతుంటే భవిత నా పక్కకు వచ్చింది. జనార్ధన్ బండిలో వచ్చినవాణ్ణి, ఇప్పుడు నడిచి రోడ్డెక్కాలి.

"సార్, ఇంకో రెండు షీట్లల్ల మడతలు అట్లనే ఉన్నయ్. నేను ఇప్పబోతే చినిగేటట్టున్నయ్. గొట్టం నాకిచ్చుకుంట సారు చెప్పిన్రు, పుల్ల దానియేలు దగ్గరుంటది, ఆయన చెయ్యి పడందే ఇప్పకు అని."

రోడ్డు దగ్గరికి వచ్చాక అన్నాను, "ఐతారం చర్చి అయినంక షీట్లు తీస్కొని రా. కానీ స్టూలు మీద నేనే కూసుంట."

"కూసోండ్రి సార్. నేను నిలబడి చూస్త."

ఇంటికి వెళ్లగానే వంటింట్లోకి పోయి కిటికీ సందులోంచి పుల్ల లాగాను. రెక్క టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. "అయ్యో, గది ఎందుకు తీసిన్రు?" అని మా ఇంటామె అరిచింది. "కొట్టుకోనియ్" అని దాన్ని వెలుతురులోకి తీసుకొచ్చి, భూతద్దం పెట్టి కొస చూశాను. ఎముక పాతబడి పసుపు తిరిగిందనుకున్నాను కదా. ఎముక తెల్లగానే ఉంది. మడత విప్పినప్పుడు కొసకు అంటుకున్న పూత అది. బంచరాయి పసుపు. షైని నా అరచేతిలో పెట్టిన రోజే అది అక్కడ ఉంది.